శాంతమ్మ పేరు మీద

ఆత్మ పలికించింది అని చెప్తాను. అంతే. ఆ మాట అన్నాక ఇంక నోరు మెదిపేవాళ్లెవరు? మా పాస్టరు అయ్యగారు కూడా మెదపరు. పరిశుద్ధాత్మతో వాదానికి దిగే మనిషి మా సంఘంలో ఇంకా పుట్టలేదు. ఆ ఒక్క మాట అనేసి, శాంతమ్మ అత్త మరియమ్మ తల మీద చెయ్యి పెట్టి ఒక ప్రార్థన చేసి, కాఫీ ఇస్తే తాగి, రెండు గంటల బస్సుకు తిరిగి నంద్యాలకు వచ్చేస్తాను. ఇంత చిన్న పనికి పొద్దున్నుంచీ ఈ కంగారు ఎందుకు? ఈ బస్సు ఎందుకు కదలదు? ఇంజను ఆడుతూనే ఉంది, డ్రైవరు మాత్రం టీ బంకు దగ్గర ఎవరితోనో తీరుబడిగా నవ్వుతున్నాడు. మార్చి నెల, పదకొండు కూడా కాలేదు, కిటికీ ఊచలు అప్పుడే చుర్రుమంటున్నాయి. సంచిలో బైబిలు ఉంది, పాటల పుస్తకం ఉంది, కళ్లజోడు డబ్బా ఉంది, ఆ కార్డు ఉంది. కార్డును బైబిల్లో పెట్టబుద్ధి కాలేదు. నిన్న పోస్ట్‌మ్యాన్ శేషయ్య అది ఇస్తూ నా మొహం వైపు చూడకుండా గడప వైపు చూశాడు, అంటే చదివాడన్నమాట. కార్డు మీద రాస్తే చదవడా మరి. కవరులో పెట్టి పంపొచ్చు కదా శాంతమ్మ. పంపలేదు. నువ్వు పదిమందిలో అన్నావు, నేను పదిమందీ చదివేట్టు రాస్తాను అనుకుంది కాబోలు. "అక్కా, మా అత్త నా చేతి అన్నం ముట్టడం లేదు. మొన్న శుక్రవారం ప్రార్థనలో నువ్వు ఏమన్నావో నువ్వే వచ్చి ఆమెకు చెప్పు. ఇట్లు, శాంతమ్మ." వందనాలు లేవు. ప్రభువునందు అన్న మాట లేదు. స్కూలు టీచరు కదా, కామాలు మాత్రం ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టింది.

కదిలింది, ఎట్టకేలకు. గాలి వస్తే కాస్త నయమనుకున్నాను గానీ వచ్చేది గాలి కాదు, సెగ. ఎడమ పక్క దూరంగా నల్లమల, కుడి పక్క కోతలైపోయిన జొన్న చేలు, నోళ్లు తెరుచుకున్న నల్లరేగడి. నేను బైబిలు స్త్రీని. అది ఉద్యోగం పేరు, బిరుదు కాదు. ఇంటింటికీ పోవడం, వాక్యం చదవడం, ఆ ఇంటివాళ్ల కష్టం వినడం, విన్న కష్టాన్ని వాళ్ల ముందే పైకి ప్రార్థన చేసి దేవునికి అప్పజెప్పి రావడం. పద్నాలుగేళ్లుగా ఇదే పని. అటు ఆత్మకూరు దాకా, ఇటు చాగలమర్రి దాకా, కృపావరమ్మ ప్రార్థన చేస్తే రాయి కూడా కరుగుతుంది అంటారు. నేనెప్పుడూ కాదనలేదు. మహోన్నతుడా, మహాఘనుడా అని మెల్లగా ఎత్తుకుంటాను. ఒక నిమిషం అలాగే పోతాను. ఇంతలో వెనకెక్కడో ఎవరో ఒకరు ముక్కు ఎగబీలుస్తారు. ఆ చప్పుడు కోసమే నా చెవి కాచుకుని ఉంటుంది. అది వినపడిందా, ఇంక గొంతు దానంతటదే పైకి లేస్తుంది, మాటలు నేను పిలవకుండానే వరస కట్టుకుని వస్తాయి, చాప మీద పదిమంది ఉంటే పదిమందీ ఏడుస్తారు. నేను మాత్రం ఏడవను. వంట చేసే మనిషికి ఆకలి చచ్చిపోతుందంటారు, నాదీ అలాంటిదే అని సరిపెట్టుకున్నాను ఇన్నాళ్లూ. ఇంట్లో ఒంటరిగా మోకరిస్తే ఒక్క మాట రాదు. మహోన్నతుడా అంటాను, తరువాత నానబోసిన పప్పు గుర్తొస్తుంది, తరువాత తాళం గుర్తొస్తుంది, ఆమెన్ అని లేస్తాను. నాలుగు గోడలకు ముక్కు ఎగబీల్చడం రాదు కదా. ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఊరందరి గుట్టూ నా దగ్గర ఉంది, నా గుట్టు దేవుని దగ్గర కూడా లేదు.

లేదు, మొన్న జరిగిన దాని గురించి ఆలోచించాలి, శాంతమ్మ వాళ్ల ఆళ్లగడ్డ చేరడానికి ఉన్నది గంటసేపే. ఈస్టరు ముందు శ్రమదినాలు కదా, ప్రతి శుక్రవారం ఒకరి ఇంట్లో ప్రార్థన కూటం. మొన్నటిది యేసురత్నం ఇంట్లో. అతను కరెంటాఫీసులో గుమాస్తా, శాంతమ్మ అతని భార్య. అతని తల్లి మరియమ్మ బోరింగు దగ్గర జారిపడి తుంటి విరిగి, ఏడు నెలలుగా వసారాలో మంచం మీద ఉంది. వసారాకూ నడింటికీ మధ్య తలుపు లేదు, పూలపూల పరదా ఉంది. పన్నెండు మంది ఆడవాళ్లం. పాట అయింది, వాక్యం అయింది, ఎవరో "ఈ ఇంటి కోసం ప్రార్థన చెయ్యి కృపావరమ్మా" అన్నారు. ఎత్తుకున్నాను. ముసలామె తుంటి కోసం అడిగాను, ఎవరూ ముక్కు ఎగబీల్చలేదు. యేసురత్నం ఉద్యోగం కోసం అడిగాను, లేదు. అప్పుడు వచ్చింది ఆ మాట. "ప్రభువా, నీ కుమార్తె శాంతమ్మ అలసిపోయింది. ఈ మంచం దగ్గర ఊడిగం చేసి చేసి, ఈ తల్లిని తీసుకుపో, నా మెడ మీద నుంచి ఈ కాడి దించు అని ఎవరూ చూడకుండా నీ దగ్గర మొరపెట్టుకుంటోంది. ఆమెను క్షమించు. ఆమెకు ఓపిక దయచెయ్యి." అప్పుడు లేచింది ఏడుపు. ఒకరు కాదు, అందరూ. స్తోత్రం స్తోత్రం అని ఇల్లు దద్దరిల్లింది. నాకు ఒళ్లు పులకరించింది, అబద్ధం ఎందుకు. ఆమెన్ చెప్పి కళ్లు తెరిస్తే అందరూ కొంగులతో మొహాలు తుడుచుకుంటున్నారు, శాంతమ్మ ఒక్కతే పొడి కళ్లతో నా వైపు చూస్తోంది. పరదా అవతల చప్పుడు లేదు. ప్రతి కూటంలో అందరికన్నా గట్టిగా ఆమెన్ చెప్పే మరియమ్మ ఆ రోజు చెప్పలేదు. నేనది గమనించాను, గమనించి కూడా వాళ్లు చేసిన బొరుగుల ఉగ్గాణి రెండు సార్లు పెట్టించుకుని తిన్నాను. మిరపకాయ బజ్జీ కూడా తిన్నాను. దారి పొడుగునా నా ప్రార్థన నేనే మెచ్చుకుంటూ నంద్యాల చేరాను.

అయ్యలూరు మెట్ట దగ్గర ఒకామె ఎక్కింది. పెద్ద బొట్టు, కాసె పోసి కట్టిన కోక, ఒడిలో గుడ్డ మూట. పక్కన చతికిలబడి, అడక్కుండానే తన పేరు ఉమామహేశ్వరమ్మ అనీ చాగలమర్రిలో కూతురింటికి పోతున్నాననీ చెప్పి, నా తెల్లచీరను, సంచిని పరకాయించింది.

"బైబిలమ్మవు కదమ్మే నువ్వు? యాడికి పోతాండావు?"

"ఆళ్లగడ్డకు."

"ఎవురికన్నా జబ్బా?"

ఆ, అన్నాను. జబ్బు ఎవరికో చెప్పలేదు.

"నాకు మోకాళ్లమ్మే. అహోబిలంలో మా ఓబులేసుని కాడికి పోయి మూడుసార్లు అడిగినా. ఇనల్యా. ఈతూరి పోతే తిడతా."

"దేవుణ్ని తిడతావా?"

"తిట్టకుంటే ఆయప్పకెట్ల తెల్చాది, నాకు నొస్తాందని?"

నవ్వాను. ఇంకెప్పుడైనా అయితే ఇదే సందని వాక్యం తీసేదాన్ని, మా దేవుడు తిట్టకుండానే వింటాడమ్మా అని అందుకునేదాన్ని. నోరు తెరిచాను కూడా. వింటాడు అన్న మాట దగ్గర ఆగి, నోరు మూసుకున్నాను. ఆమె అప్పటికే మూట మీద తల పెట్టి కళ్లు మూసుకుంది. నాకు నొస్తాంది. ఎంత సులువుగా అనేసింది. పద్నాలుగేళ్లలో మా సంఘంలో కరుణాకర్ భార్యకు నొప్పిగా ఉందని దేవునితో చెప్పాను, బండి ఆత్మకూరులో ఎవరి బిడ్డకో నొప్పిగా ఉందని చెప్పాను, శాంతమ్మకు నొప్పిగా ఉందని చెప్పాను. పోస్ట్‌మ్యాన్ శేషయ్య కూడా నాలాగే, పొద్దస్తమానం ఉత్తరాలు మోస్తాడు, అతనికి ఉత్తరం రాసేవాళ్లు ఎవరున్నారో. ఎందుకొచ్చిన ఆలోచన ఇది. ఆత్మ పలికించింది, అంతే. ముసలామె నమ్ముతుంది. నమ్మితే ఏమవుతుంది? ఆత్మే చెప్పిందంటే ఇంక అది నిజమే అనుకుంటుంది. కోడలు తన చావు కోరిందని మనిషి నోట వింటే కొంచెం అనుమానమైనా మిగులుతుంది, దేవుని నోట విన్నాక ఏం మిగులుతుంది? శాంతమ్మ చేతి ముద్ద ఈ జన్మకు ముట్టదు. ఇది నాకు ఇప్పటిదాకా తోచలేదు. తోచలేదో, తోచనివ్వలేదో.

అసలు శాంతమ్మ నాతో ఏమంది? అదొక్కటి సరిగ్గా గుర్తు తెచ్చుకుంటే చాలు. నెల కిందట, వాళ్ల స్కూల్లో, మధ్యాహ్నం బెల్లు కొట్టాక. పిల్లలు పళ్లాలు తీసుకుని బయటికి పరుగెత్తారు, తరగతి ఖాళీ, బోర్డు మీద ఎక్కాలు. శాంతమ్మ చేతులకు సుద్దపొడి. కూర్చోమని కూడా అనలేదు, నిలబడే చెప్పింది. "అక్కా, నాకు చేతగావడం ల్యా. ఊరకే పిల్లల్ని కొడతాండా. దేవునితో చెప్పుకుందామని కూచుంటే కూచున్నచోటనే నిద్రపోతాండా. నా బదులు నువ్వు చెప్పక్కా." తరువాత? తరువాత సుద్దచేత్తోనే కళ్లు తుడుచుకుంది, కనుబొమ్మ మీద తెల్లగా అంటింది, నేను నా కొంగుతో తుడిచాను. తరువాత? తరువాత బెల్లు. అంతే. మళ్లీ మొదటి నుంచి. చేతగావడం లేదు. కొడతాండా. నిద్రపోతాండా. నువ్వు చెప్పు. తీసుకుపో అన్నది ఎక్కడుంది? ఇంకెప్పుడైనా అన్నదేమో. క్రిస్మస్‌కు పోయినప్పుడు? అప్పుడు అరిసెలు మూటగట్టి ఇచ్చింది, అత్తకు మెత్తగా ఉండాలని పాకం లేతగా పట్టానంది. కాడి అన్నది ఎక్కడుంది? శిరివెళ్ళ మెట్టలో బస్సు ఆగింది, సోడాలు అమ్మేవాడు కిటికీల కింద అరుస్తున్నాడు, ఎవరో నా కాలు తొక్కి దిగారు, నేను చీపురు పట్టుకుని ఇల్లంతా ఊడ్చినట్టు శాంతమ్మ మాటలన్నీ ఊడ్చి చూశాను. లేదు. ఆమె ఆ మాట అనలేదు. నాతో ఎప్పుడూ అనలేదు.

అన్నది నేను. దావీదు గురించి. నా భర్త దావీదు మాస్టరు, మిషను స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. డెబ్భై ఆరులో, బోర్డు మీద రాస్తూ రాస్తూ కుప్పకూలిపోయాడు. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఎడమ చెయ్యి మిగిలింది. దానితో మంచంకోడు మీద తట్టేవాడు. ఒకసారి తడితే నీళ్లు, రెండుసార్లు తడితే పక్కకు తిప్పమని. నాలుగేళ్లు. ఊళ్లు తిరగడం తగ్గించుకున్నాను, తిరిగొచ్చేసరికి గుడ్డలు తడిసి ఉండేవి. ప్రతి ఆదివారం మిషను గుడిలో లేచి నిలబడి, ప్రభువా నా భర్తను లేపు, చనిపోయి నాలుగు రోజులైన లాజరును లేపినవాడివి అని అడిగేదాన్ని, గుడంతా ఏడ్చేది. అదే నేను, ఎనభైలో ఒక మధ్యాహ్నం, దొడ్లో తొట్టి దగ్గర ఆయన గుడ్డలు పిండుతూ, పక్కనే కిటికీ తెరిచి ఉందని తెలిసి కూడా, తీసుకుపో ప్రభువా, నా వల్ల కాదు, ఈ కాడి దించు అన్నాను. మెల్లగా అనలేదు. ఆ రోజు దీపాలు పెట్టేదాకా మంచంకోడు చప్పుడు కాలేదు. నిద్రపోయాడనుకున్నాను. నిద్రపోయాడని మూడేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. పదకొండో రోజు పోయాడు. సమాధి దగ్గర అందరూ, ఇంత సేవ ఏ భార్య చేస్తుంది అన్నారు, నేను తల వంచుకున్నాను. ఆ తరువాత మూడు సంఘాల్లో సాక్ష్యం చెప్పాను, ఒక్క దినమైనా విసుగు లేకుండా దేవుడు నన్ను నడిపించాడని. మూడుచోట్లా ఏడ్చారు.

అదీ సంగతి. మూడేళ్లు లోపల కూర్చున్న మాట, నా పేరు మీద బయటికి రావడానికి సిగ్గుపడి, శాంతమ్మ పేరు మీద వచ్చింది. ఆమెను క్షమించు అని కూడా అడిగాను కదా, ఎంత తెలివి. నేరం నాది, పేరు ఆమెది, క్షమాపణ ఎవరికి చేరిందో ఆ పైవాడికే తెలియాలి. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్తే? నేను తిరుగు బస్సు ఎక్కేలోపల ఆ మాట నంద్యాల చేరుతుంది. మొగుడు చావాలని ప్రార్థన చేసిన మనిషిని ఎవరు ఇంటికి పిలుస్తారు, ఎవరు మంచం దగ్గరికి రానిస్తారు? అయ్యగారు ఏమీ అనరు, వచ్చే నెల నుంచి రావద్దు కృపావరమ్మా అంటారు, అంతే. యాభై ఏళ్లు దగ్గర పడుతున్నాయి, నాకు ఈ పని తప్ప ఇంకోటి చేతకాదు. ఒక ఊరు దాటి ఇంకో ఊరు వచ్చేలోపల ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకున్నాను. మహోన్నతుడా, మహాఘనుడా, ఈ ఘడియలో నీ కుమార్తె శాంతమ్మను... మళ్లీ ఆమే. మరియమ్మను... మళ్లీ. ‘నేను’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి నాలుక మడతపడుతోంది. నీకెలాగూ తెలుసు కదా, ఎందుకు నా చేత చెప్పించుకోవడం? కోపం వచ్చింది. బస్సులో కూర్చుని దేవుని మీద పళ్లు కొరుకుతున్నాను. లాజరును లేపమని రెండొందల ఆదివారాలు అడిగితే వినలేదే, తీసుకుపో అని ఒక్కసారి అడిగితే పదకొండు రోజుల్లో విన్నావా? నేను అడిగినవాటిలో నువ్వు ఇచ్చింది అదొక్కటేనా? అమ్మో, ఇది. మూడేళ్లుగా నేను నీ దగ్గరికి ఒంటరిగా రాలేనిది ఇందుకు. నువ్వు వినలేదని కాదు. విన్నావేమోనని.

ఆళ్లగడ్డ. ఉమామహేశ్వరమ్మ కళ్లు తెరవకుండానే కాళ్లు పక్కకు తీసి దారిచ్చింది. ఎండ నెత్తి మీద మొత్తుతోంది. శిల్పులు పందిళ్ల కింద రాళ్లు చెక్కుతున్నారు, ఉలి చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా వెంట వచ్చింది. ఆత్మ పలికించింది. ఆత్మ పలికించింది. ఇదొక్కటి అనేస్తే అయిపోతుంది. గడప దగ్గరికి వచ్చాక కూడా నాకు తెలియదు నేనేం చెప్పబోతున్నానో. బడికి సెలవు పెట్టినట్టుంది, శాంతమ్మే తలుపు తీసింది. రా అక్కా అనలేదు, పక్కకు జరిగింది. ఆరు రోజుల్లో కళ్లు ఇంకా లోపలికి పోయాయి. వసారాలో మరియమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది, దిండు పక్కన కాగితంలో సగం కొరికిన బన్ను, కొడుకు తెచ్చిందేమో. నేను మంచం దగ్గర నేల మీద కూర్చున్నాను. ముసలామె కష్టం మీద తల తిప్పింది.

"ఏందమ్మే, మళ్లీ వచ్చినావు."

"పెద్దమ్మా, మొన్న ప్రార్థనలో... ఆత్మ..."

"ఆత్మ ఏం చేసిందంట?"

ఆ కళ్లలో ఒకటి పొర కమ్మి ఉంది, ఇంకోటి మాత్రం నన్ను నిలువునా చూస్తోంది. శాంతమ్మ పరదా పట్టుకుని నిలబడింది.

"ఆత్మ కాదు. నేనే. శాంతమ్మ ఆ మాట అనల్యా. నాతోనూ అనల్యా, దేవునితోనూ అనల్యా. అది నా మాట. నా మొగుడు మంచంలో ఉంటే నేను అడిగిన మాట. ఈమె పేరు పెట్టి చెప్పినా."

వీధిలో ఎవరో ఎద్దుల్ని అదిలించుకుంటూ పోయారు. ముసలామె కొంగుతో నోరు తుడుచుకుంది.

"ఎన్నేండ్లు పండుకున్న్యాడు ఆయప్ప?"

"నాలుగేండ్లు."

"ఆయప్పకు ఇనపడిందా?"

"తెలీదు పెద్దమ్మా." ఈ మాట పైకి అనడం ఇదే మొదలు. "తెలీదు. ఇనపడిందేమో."

 ముసలామె అయ్యో అనలేదు, పర్వాలేదు అనలేదు. మెడ అటు తిప్పి కోడల్ని చూసింది.

"శాంతా, నిజంగా నువ్వు అడగల్యా?"

"అడిగేదానికి నాకు తీరిక యాడుంది అత్తా," అంది శాంతమ్మ. కోపంగానే అంది. అని పరదాలో మొహం దాచుకుంది.

ముసలామెకు నవ్వొచ్చినట్టుంది, తుంటి నొప్పికి అది మధ్యలోనే ఆగిపోయింది. "సంగటి ఉందా?"

"ఉంది."

"తేపో."

శాంతమ్మ గిన్నె తెచ్చింది, మంచం అంచున కూర్చుంది, ముద్ద చేసి పప్పులో అద్ది నోటికి అందించింది. ముసలామె తిన్నది. నేను చూస్తూ కూర్చున్నాను. నన్నెవరూ లెమ్మనలేదు, ఉండమనలేదు. ఏం చేయాలో తోచక, అలవాటు చొప్పున మోకాళ్ల మీదికి లేచి చేతులు జోడించి, కొంగు నెత్తి మీదికి లాక్కున్నాను. ప్రభువా, ఈ అత్తాకోడళ్లను అని ఎత్తుకోబోయాను.

"వద్దమ్మే," అంది మరియమ్మ. "మా మాట మేం చెప్పుకుంటాంలే. మళ్లీ ఎవురి మాట యాడ పెడతావో. నీది ఏమన్నా ఉంటే చెప్పుకో."

చెంప మీద కొట్టినట్టయింది. లేచి పోదామనుకున్నాను, పోలేదు. కళ్లు మూసుకున్నాను. మహోన్నతుడా అనబోతే రాలేదు. లాజరు రాలేదు. ఇక్కడ ముక్కు ఎగబీల్చేవాళ్లు ఎవరూ లేరు, గిన్నెలో చెయ్యి కదిలే చప్పుడు తప్ప.  చివరికి వచ్చింది, నా గొంతేనా అన్నంత సన్నగా.

"నాయనా, నాకు బాగలేదు."

ఇంకేమైనా అందామని చూశాను. అదే మళ్లీ వచ్చింది, ఏడుపుతో కలిసి వచ్చింది. శాంతమ్మ నా వైపు చూడలేదు, ఇంకో ముద్ద కలుపుతోంది. నోట్లో సంగటి ఇంకా మింగకుండానే, ముసలామె గట్టిగా ఆమెన్ అంది.